దండెం లెక్క

దండెం మీద బట్టలు తీసేటప్పుడు నేను క్లిప్పులు లెక్కపెడతాను. పిచ్చి అనుకున్నా సరే, అలవాటైపోయింది. మా ఇంట్లో క్లిప్పులకు ఎప్పుడూ కరువే. కొన్న వారానికి సగం విరిగిపోతాయి, మిగతా సగం పాల ప్యాకెట్లకీ, ఆయన పరీక్ష పేపర్ల కట్టలకీ వెళ్లిపోతాయి. అందుకని నేను బట్టకి రెండేసి క్లిప్పులు వాడను. పక్కపక్కనున్న రెండు బట్టల అంచులు కలిపి ఒకే క్లిప్పు పెడతాను. పది బట్టలకి పదకొండు క్లిప్పులతో పని జరిగిపోతుంది. తమాషా అంతా తీసేటప్పుడే. అన్నీ ఒకేసారి ఆరవు కదా. పల్చటివి ముందు ఆరతాయి, ప్యాంట్లు సాయంత్రం దాకా చెమ్మగానే ఉంటాయి. అటూ ఇటూ బట్టలుండగా మధ్యలోది తీస్తే క్లిప్పు ఒక్కటీ చేతికి రాదు, ఆ రెండూ పక్కవాటిని పట్టుకుని ఉండాలి. ఒకవైపే బట్ట ఉంటే ఒక క్లిప్పు వస్తుంది. ఒంటరిగా వేలాడుతున్నదాన్ని తీస్తే రెండూ వస్తాయి. ఒక చలికాలమంతా చూశాను. ఏ రోజు ఏ వరుసలో తీసినా, రెండు క్లిప్పులు చేతికొచ్చిన సార్లు, ఒక్కటీ రాని సార్ల కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ. ఎప్పుడూ ఒకటే. ఎందుకో తెలిసిన రోజున తడి తువ్వాలు భుజాన వేసుకుని, పెరట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆ సంగతి మా ఆయనకి చెబితే, "క్లిప్పులు లెక్కపెట్టుకునే తీరిక ఉంది నీకు, అదృష్టవంతురాలివి," అన్నారు. అని, రెండు నిమిషాలాగి, "కాగితం మీద రాసివ్వు," అన్నారు.

రాసిచ్చాను. పదేళ్లుగా రాసిస్తూనే ఉన్నాను. మా ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకి దేశమంతా కలిపి ఏటా ఒక గణిత పోటీ పెడతారు. దానికి పిల్లల్ని తయారు చెయ్యడంలో ఆయనకి మంచి పేరుంది. అంతకంటే మంచి పేరు, ఆ పోటీ పేపరుకి లెక్కలు కట్టి పంపడంలో ఉంది. ఇప్పటికి తొమ్మిది లెక్కలు ఎంపికయ్యాయి. ఆ తొమ్మిదీ నావి. మొదటిది గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టే లెక్క, ఆయన దాన్ని పెట్టెల లెక్క చేశారు. రెండోది నీళ్లు వదిలే వేళల్లో బకెట్లు నింపుకోవడం గురించి, అది ట్యాంకులూ పైపులూ అయింది. "గిన్నెలూ చెంబులూ అంటే నలుగురూ నవ్వుతారు, కాస్త హుందాగా ఉండాలి కదా," అనేవారు. హుందాతనం అంటే అందులోంచి నన్ను తీసెయ్యడమని నాకు తెలుసు. మొదటిసారి అడిగాను కూడా, కింద నా పేరు కూడా రాయొచ్చు కదా అని. "మనిద్దరి ఇంటిపేరు ఒకటే కదా. ఎవరు రాస్తే ఏంటి?" అన్నారు. ఆ మాటకి ఆ రోజు నేను మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నా మొహం నాకే చూపించుకోలేనంత సిగ్గేస్తోంది.

కాలేజీలో మేమిద్దరం ఒకే క్లాసు. నేను ఫస్టు, ఆయన సెకండు. అప్పుడు నువ్వు నువ్వు అనుకునేవాళ్లం. పెళ్లయిన మూడో రోజున మా అత్తగారు, "మొగుణ్ణి నువ్వంటే నలుగురూ ఏమనుకుంటారమ్మా," అన్నారు, ఆ పూట నుంచి మీరు అయ్యారు. స్కూల్లో లెక్కల టీచరు పోస్టు ఒక్కటే పడింది. ఇద్దరం దరఖాస్తు పెడదామనుకున్నాం. "ఒకే పోస్టుకి మొగుడూ పెళ్లాం పోటీ పడతారా, చోద్యం కాకపోతే," అని అత్తగారు బుగ్గ నొక్కుకున్నారు. ఆయన ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆయనకి బాగా వచ్చిన విద్య. నాకు తర్వాత అదే స్కూల్లో ఆఫీసు గుమాస్తా ఉద్యోగం ఇప్పించారు. ప్రశ్నపత్రాలు టైపు చేస్తాను, హాజరు పట్టీలు చూస్తాను, బయటివాళ్లొస్తే టీ పెట్టిస్తాను. కొత్తగా వచ్చిన లెక్కల కుర్రమాస్టారు ఒకసారి, "మేడమ్, మీరు టైపు చేస్తే పేపర్లో తప్పులు వాటంతటవే పోతాయండీ, మీ చెయ్యి మంచిది," అన్నాడు. నా చెయ్యి మంచిదట.

ఇదంతా నేను మింగేశాను. మింగడం నాకూ బాగానే వచ్చు. నన్ను పొడిచింది ఇది కాదు.

పోటీకి ఒక కట్టుబాటు ఉంది. పేపరుకి పంపిన లెక్క ఒక్క పిల్ల కంట పడినా అది చచ్చినట్టే, పనికిరాదు. అందుకని మా అమ్మాయి గదిలోకి వస్తుంటే చాలు, నేను కాగితం బోర్లించేసేదాన్ని. ఐదేళ్ల పిల్లప్పటి నుంచి అంతే. "ఏం రాస్తున్నావమ్మా?" అంటే, "సరుకుల జాబితా," అనేదాన్ని. పదేళ్లు సరుకుల జాబితాలే రాశాను. వాళ్లమ్మకి లెక్కలొచ్చని దానికి తెలియదు. నాన్నకి వచ్చని లోకమంతటితో పాటు దానికీ తెలుసు.

మొన్న ఆదివారం పదకొండు గంటలకి దండెం దగ్గర ఉన్నాను. ఆయన కోచింగ్ క్లాసుకి వెళ్తూ ఫోను మర్చిపోయారు. అది లోపల ఆగకుండా మోగుతోంది. మూడోసారికి, చేతులు తుడుచుకుని తీశాను.

"నమస్కారమండీ. గణిత పోటీ పేపరు సంపాదకుణ్ణి. సారున్నారా?"

"స్కూలుకి వెళ్లారండీ. ఫోను ఇంట్లో మర్చిపోయారు."

"అయ్యో! పేపరు అచ్చుకి వెళ్లే వేళకి తట్టింది. ఒక్క మాట చెబుతారా? మీకు అర్థం కాకపోయినా పర్లేదమ్మా, ఉన్నదున్నట్టు చెప్పండి. 'ఈ ఏటి పేపర్లో మొదటి లెక్కలో కంచె చుట్టూ తిరిగొచ్చి కలిస్తే ఎలా?' అనండి. ఆయనకి తెలుస్తుంది."

"కంచె ఏంటండీ?"

పెద్దాయన మర్యాదస్తుడు. అంతదూరం నుంచి దగ్గుతూ ఓపిగ్గా చెప్పారు. తోట చుట్టూ కంచె. పలకలు వరుసగా నిలబెట్టి, రెండు పలకల మధ్య ఒకే స్తంభం. పలకలు ఒక్కొక్కటే ఊడదీస్తుంటే స్తంభాలు ఎన్నెన్ని విడివడతాయని ప్రశ్న. వింటుంటే నాకు నవ్వొచ్చింది. క్లిప్పుల్ని స్తంభాలు చేశారు, బట్టల్ని పలకలు చేశారు, హుందాగానే ఉంది. కానీ తోట చుట్టూ పెట్టారు! జన్మలో ఒక్కసారైనా బట్టలు ఆరేసిన మనిషి ఆ పని చెయ్యడు.

"చుట్టూ పెట్టకూడదండీ," అన్నాను. "చుట్టూ తిరిగి కలిస్తే పలకలెన్నో స్తంభాలూ అన్నే అవుతాయి. ఆ ఒకటి తేడా పోతుంది, రెండూ సమానమైపోతాయి. అసలది కంచె కాదు, బట్టల దండెం. దండేనికి రెండు కొసలుంటాయి. అందుకే క్లిప్పు ఒకటి ఎక్కువ."

అవతల దగ్గు కూడా ఆగిపోయింది.

"అమ్మా, మీరు లెక్కలు చదివారా?"

"చదివానండీ."

"అదీ సంగతి! మరి ఇద్దరు లెక్కలవాళ్ల కడుపున పుట్టి మీ అమ్మాయికి గణితమంటే ఆసక్తి లేదంటే ఆశ్చర్యంగా ఉంది సుమండీ."

"ఆసక్తి లేదని ఎవరన్నారండీ?"

"సారే రాశారుగా. లెక్క ఎంపికైతే ఆ ఇంటి పిల్లలు ఆ ఏడు పోటీకి కూర్చోకూడదు. అందుకని మేం ముందే ఫారం పంపుతాం, పిల్లలు రాసేలా ఉంటే లెక్క వెనక్కి తీసుకోవచ్చని. చాలామంది తీసేసుకుంటారమ్మా, ఎంతైనా సొంత పిల్లలు కదా. సారు పోయినేడూ ఈ ఏడూ, 'మా అమ్మాయికి గణితంలో ఆసక్తి లేదు, పోటీకి రాదు' అని సంతకం పెట్టి పంపారు. అది మాకు కలిసొచ్చిందనుకోండి. ఈ ఏడుతో పది లెక్కలు పూర్తవుతాయి, సభలో జ్ఞాపిక ఇవ్వాలని కూడా అనుకున్నాం. ఉంటానమ్మా, సారుకి చెప్పండి."

ఫోను పెట్టేశాను. దండెం మీద ఇంకా ఐదు బట్టలున్నాయి. ఎండ బాగా కాస్తోంది. నేను గడప మీద కూలబడ్డాను.

పోయినేడాది సంగతి చెప్పాలి. స్కూలు తరఫున ఎవర్ని పంపాలో తేల్చడానికి మా ఆయన ఒక పరీక్ష పెడతారు, యాభై మార్కులకి. మా అమ్మాయి దానికోసం ఏడాదంతా చదివింది. స్నానానికి వెళ్లినా లెక్క మనసులో పెట్టుకుని వెళ్లేది, నీళ్లు చల్లారిపోయినా బయటికి వచ్చేది కాదు. పరీక్షయిన మర్నాడు ఆయన భోజనాల దగ్గర, కంచంలోంచి తలెత్తకుండా, "ఇరవై తొమ్మిదొచ్చాయి తల్లీ. ముప్ఫై కావాలి. నాన్న మాస్టారైతే ఒక్క మార్కు కలపొచ్చు కదా అనుకోకు, అది తప్పు," అన్నారు. ఎంత న్యాయం! నా గుండె పొంగిపోయింది, ఇంత నిజాయితీ గల మనిషిని చేసుకున్నానని. మా అమ్మాయి ఏడవలేదు. పుస్తకాలన్నీ అట్టపెట్టెలో సర్ది అటక మీద పెట్టించింది. "నాకు లెక్కలు రావమ్మా," అంది. నేనేమన్నాను? "పోనీలే తల్లీ, అందరికీ అన్నీ రావు కదా," అన్నాను. జుట్టు నిమురుతూ అన్నాను. మర్నాడు ఆఫీసులో కూర్చుని, ఆయన చెబుతుంటే ఆ ఏటి పేర్ల జాబితా టైపు చేశాను. నా కూతురి పేరు లేని జాబితా, నా మంచి చేత్తో. ఈ ఏడు అది పదో తరగతి. ఆ పరీక్షకి పేరే ఇవ్వలేదు. ఇది దాటితే హైస్కూలే అయిపోతుంది, పోటీ మాటే ఉండదు.

లేచి లోపలికి వెళ్లాను. బీరువా అడుగున ఆయన పాత పరీక్ష పేపర్ల కట్టలుంటాయి, ఏటికొకటి, నా క్లిప్పులే పెట్టి. పోయినేటి కట్ట విప్పాను. మా అమ్మాయి పేపరు మూడోది. ఎర్ర సిరాతో నలభై ఏడు. పక్కన, ఒక లెక్క దగ్గర, చిన్న అక్షరాలతో "చాలా బాగుంది, కొత్త దారి" అని ఆయన చేతిరాత. మిగతావన్నీ తిరగేశాను. నలభై రెండుకి మించి ఎవరికీ లేవు. మా ఆయనకి లెక్కల పేపరు మీద అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. పిల్ల మొహం మీద చెప్పడానికి మాత్రం నోరొచ్చింది.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండింది. పదేళ్లు నా లెక్కలు వాడుకున్నారంటే, సరే, నేను ఇచ్చాను కాబట్టి వాడుకున్నారు. ఇది అలాంటిది కాదు. నా లెక్కని అడ్డం పెట్టి నా కూతురి దారి మూసేశారు. ఆ సంగతి నాకే తెలియనివ్వలేదు. నేను పెరట్లో నవ్వుకుంటూ కట్టిన లెక్క, నా పిల్ల నోటిదాకా వచ్చిన ముద్దని లాగేసింది. మోసం అనే మాట కంటే పెద్దది ఉంటే అది కావాలి నాకు.

ఆయన నాలుగింటికి వచ్చారు. అమ్మాయి స్నేహితురాలింటికి వెళ్లింది. బల్ల మీద నలభై ఏడు పేపరు పెట్టి ఉంచాను. చెప్పులు విప్పుతూ చూశారు. ఒక్క క్షణం మొహం పాలిపోయింది. కానీ మొదట అడిగింది దాని గురించి కాదు. ఫోను తీసి, సంపాదకుడు పంపిన మెసేజీ చదివి, "సంపాదకుడు చేశాడా? ఏం చెప్పావు? కంచె సంగతి ఏమన్నావు?" అన్నారు.

"ఇది చూడండి ముందు."

"చూశాను. చూడు, కోపం తెచ్చుకోకుండా విను. పోయినేడు తొమ్మిదో లెక్క. ఈ ఏడు పదోది. పది పూర్తయితే సభ పెట్టి జ్ఞాపిక ఇస్తారు. ఇప్పటిదాకా మన రాష్ట్రంలో ఎవరికీ రాలేదు. ఈ రెండేళ్లూ అది ఆగితే చాలనుకుని..."

"రెండేళ్లాగితే దానికి హైస్కూలు అయిపోతుంది."

"అయితే ఏం? ఇంకా ఎన్ని పరీక్షలు లేవు! ఆడపిల్ల, రేపు ఇంకేదో చదువుకుంటుంది. ఈ పోటీ రాయనంత మాత్రాన ఎవరి బతుకూ ఆగిపోదు."

"దానికి లెక్కలు రావని చెప్పారు మీరు."

"రావని ఎప్పుడన్నాను? ఒక్క మార్కు తగ్గిందన్నాను అంతే. మనసు కష్టపెట్టకూడదనే కదా, బాగా తక్కువ చెప్పకుండా ఇరవై తొమ్మిదని చెప్పింది!" అన్నారు. నిజంగానే అన్నారు. అందులో దయ ఉందని ఆయన నమ్మకం. "అయినా నేనిదంతా ఎవరికోసం చేశాను? నీ లెక్కలు బయటికి రావాలనే కదా. నేను పంపకపోతే నీ దండెం లెక్క దండెం మీదే ఉండేది."

నేను మాట్లాడలేదు. నా మౌనాన్ని ఆయన ఎప్పుడూ ఒప్పుకోలు కిందే జమ కట్టుకుంటారు. కాస్త స్థిమితపడి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. గొంతు మెత్తబడింది.

"సరే, అయిందేదో అయింది. దాంతో నేను మాట్లాడతాలే, మెల్లగా. ముందు ఆ గుండ్రం సంగతి కాస్త చూసిపెట్టు. ఎల్లుండికి అచ్చుకి వెళ్లాలట. రేపు సాయంత్రానికి ఇస్తే నేను శుభ్రంగా రాసి పంపేస్తాను."

పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆ మనిషి నాకు అంత స్పష్టంగా ఎన్నడూ కనబడలేదు. నలభై ఏడు మార్కుల పేపరు బల్ల మీద మా ఇద్దరి మధ్యా ఉంది, దాని మీద మోచెయ్యి ఆనించుకుని, నాకు పని పురమాయిస్తున్నారు.

"చూస్తాలెండి," అన్నాను.

సోమవారం ఉదయం ఆఫీసులో నేనొక్కదాన్నే ఉన్న వేళ చూసి సంపాదకుడికి ఫోను చేశాను.

"నిన్న మాట్లాడానండీ, దండెం గురించి. ఆ లెక్క వెనక్కి తీసుకోవాలి."

"అయ్యో, ఎందుకమ్మా? ఒక్క మాట మారిస్తే సరిపోతుంది. 'చుట్టూ' తీసేసి 'రోడ్డు పక్కన' అంటే చాలు."

"మా అమ్మాయి పోటీ రాస్తుందండీ. దానికి ఆసక్తి ఉంది. పోయినేడు కూడా ఉంది."

చాలాసేపు దగ్గారు. దగ్గు రానప్పుడు కూడా దగ్గినట్టున్నారు.

"మంచిదే కానీ అమ్మా, వెనక్కి తీసుకోవాలంటే రాసినవాళ్లే అడగాలి. ఇంట్లోవాళ్లు అడిగితే కుదరదు. అది నిబంధన."

"రాసినవాళ్లే అడుగుతున్నారండీ."

కిటికీ అవతల ప్రార్థనకి పిల్లలు బారులు తీరుతున్నారు. వాళ్ల ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ మా ఆయన వీపు నాకు కనబడుతోంది.

"మరి మొదట్లో వచ్చిన పెట్టెల లెక్క?" అన్నారాయన మెల్లగా.

"పెట్టెలు కావండీ, గిన్నెలు."

"తొమ్మిదీనా?"

"తొమ్మిదీ."

"పోటీ నడిపే సమితికి చెప్పాలమ్మా ఇది. చెప్పకుండా ఉండలేను."

"చెప్పండి."

"వెనక్కి తీసుకుంటే పాప రాయడానికి అడ్డేమీ లేదు. మీ స్కూలు పెట్టుకున్న పరీక్షతో మాకు పని లేదు, హెడ్మాస్టరు సంతకంతో పేరొస్తే చాలు. లెక్క తీసేస్తున్నానని పుస్తకంలో రాయాలి. ఏ పేరు రాయమంటారు?"

చెప్పాను. ఇంటిపేరు లేకుండా, నా పేరొక్కటే. ఇన్నేళ్లలో ఫోనులో ఎవరైనా ఎవరు మాట్లాడుతున్నారంటే సారుగారి భార్యనని చెప్పడమే అలవాటు. నా పేరు పలుకుతుంటే నా నాలుకకే కొత్తగా అనిపించింది. ఆయన ఒక్కో అక్షరం వెనక్కి అప్పజెప్పి రాసుకున్నారు.

సాయంత్రం అమ్మాయి స్కూలు నుంచి వచ్చేసరికి పాలు కాచి ఉంచాను. సంచి దించగానే నలభై ఏడు పేపరు చేతిలో పెట్టాను. అది చదివింది. తన రాత తనే గుర్తుపట్టనట్టు మళ్లీ చదివింది. జరిగింది జరిగినట్టు చెప్పాను, నాన్నని కాపాడకుండా, నన్ను కూడా కాపాడుకోకుండా. ఫారం గురించి, సంతకం గురించి, జ్ఞాపిక గురించి, పొద్దున నేను చేసిన ఫోను గురించి. సరుకుల జాబితాల గురించి మాత్రం పాలగ్లాసు వైపు చూస్తూ చెప్పాను.

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న."

"అంతకుముందు? నాన్న ఇరవై తొమ్మిది అన్నప్పుడు, నువ్వు నమ్మావా? నాకు రావని నమ్మావా అమ్మా?"

కాదనొచ్చు. కాదంటే అది నన్ను వాటేసుకుని ఏడ్చేది, నాకూ హాయిగా ఉండేది.

"నమ్మాను," అన్నాను.

అది నా వైపు అలా చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు నేను నిన్న మా ఆయన వైపు చూసిన చూపే. తర్వాత లేచి తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. పాలు మీగడ కట్టాయి.

నేను ఒక తెల్ల కాగితం తీసి, దండెం లెక్క నా మాటల్లోనే రాశాను. బట్టలు బట్టలే, క్లిప్పులు క్లిప్పులే. బోర్లించలేదు. తలుపు కిందనుంచి లోపలికి తోసి, పెరట్లోకి వెళ్లిపోయాను. నా బిడ్డకి నేనేదైనా దాచకుండా ఇవ్వడం అదే మొదలు.

అరగంట గడిచిందో, ఇంకా ఎక్కువో. సగం బట్టలు తీశాను. వెనక అడుగుల చప్పుడైంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, చేతిలో కాగితం, చెవి మీద పెన్సిలు.

"బట్టలెన్నో తీసే సార్లూ అన్నే కదా," అంది, నా మొహం చూడకుండా దండెం వంక చూస్తూ. "సారికొక క్లిప్పు చొప్పున వస్తే బట్టలెన్నో క్లిప్పులన్నే ఉండాలి. కానీ ఒకటి ఎక్కువుంది. రెండు వచ్చిన సారి ఒకటి ఎక్కువైనట్టు, ఏమీ రాని సారి ఒకటి తక్కువైనట్టు. అందుకని తేడా ఒకటి. అంతేనా?"

"అంతే."

"మరి దండెం గుండ్రంగా ఉంటే? కొసలు కలిపేస్తే?"

నేను చేతిలో బట్ట అలాగే పట్టుకుని నిలబడిపోయాను. అది నా జవాబు కోసం చూడకుండానే, "అప్పుడు తేడా ఉండదు," అని కాగితం మీద ఏదో గీసుకుంది. తర్వాత, "ఇదీ నీ లెక్కేనా?" అంది.

"నాది."

అప్పుడు చూసింది నా వైపు. కోపం పోలేదు, పోవాలని నేనూ అనుకోలేదు. కానీ కోపంతో పాటు ఇంకేదో ఉంది ఆ చూపులో. "ఇంకా ఉన్నాయా ఇలాంటివి?" అంది.

"చాలా ఉన్నాయి."

"పోటీకి పేర్ల జాబితా ఎప్పుడు పంపుతావు?"

"రేపు పదకొండింటికి. హెడ్మాస్టరుగారి సంతకం కావాలి. నేను అడుగుతాను."

"నేనొచ్చి అడుగుతాను. నా పేరు నేనే టైపు చేసుకుంటాను, నువ్వు చెయ్యొద్దు," అంది. ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకోవలసిందే. మళ్లీ అదే, "నువ్వు పక్కన ఉండు," అంది. తీసిన బట్టల్లో సగం తన చేతుల మీద వేసుకుని లోపలికి నడిచింది.

ఆయన ఆరింటికి వచ్చారు. అమ్మాయి ముందు గదిలో నేల మీద అటక మీది పెట్టె బోర్లించుకుని కూర్చుంది, చుట్టూ పుస్తకాలు. తలెత్తలేదు. ఆయన దాన్ని చూసీ చూడనట్టు దాటుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "చూసిపెట్టావా ఆ గుండ్రం సంగతి? రేపే ఆఖరు," అన్నారు.

నేను పొయ్యి కట్టేశాను. చేతులు తుడుచుకుని ఆయన వైపు తిరిగాను. పెళ్లికి ముందు క్లాసులో పక్క బెంచీ మీది అబ్బాయితో మాట్లాడినట్టు, మీరూ గీరూ లేకుండా, లోపలి గదిలోకి కూడా వినబడేలా అన్నాను.

"నీ కూతురు చూసింది."